గోపాలస్వామన్న ల్యాప్‌టాప్ పడేస్తాడు

మా గోపాలస్వామన్నకు ఒక్కటే జబ్బు. తన ల్యాప్‌టాప్‌ను కొత్తవాళ్ళెవరు చూసినా సరే, వాళ్ళ ముందే దాన్ని కింద పడేస్తాడు.

2002లో మదనపల్లెలో మా కంప్యూటర్ సెంటరుకు ఆయన ఓనరు, నేను మాస్టరు. ల్యాప్‌టాప్ బెంగుళూరులో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. దోర టమోటా రంగు, గుండ్రటి మూలలు, టిఫిన్ క్యారియర్‌కు ఉన్నట్టు పైన ఒక పిడి. మిగతా కంప్యూటర్లు ఎప్పుడూ రిపేరులోనే. ఇదీ పోయిందంటే సెంటరుకు తాళం, నాకు కురబలకోటలో మా నాయన గొర్రెలే గతి.

పిల్లల్ని చేర్పించడానికి ఒక తండ్రి వస్తాడు. "సూడప్పా, ఎంత గట్టిగా ఉండాదో!" దబ్! ఒక తల్లి వస్తుంది. "సూడమ్మా!" దబ్! మూత తెరిచి అది వెలిగేదాకా నాకు ఊపిరాడేది కాదు. డాబు కాకపోతే ఏమిటిది అని లోపల తిట్టుకునేవాణ్ణి. కింద గోనెసంచి పరిస్తే, దాన్ని కాలితో పక్కకు నెట్టి మరీ పడేసేవాడు.

ఒకరోజు బి.కొత్తకోట నుంచి సుష్మ అనే పాప చేరింది. ఏదో బటన్ నొక్కింది, తెర నల్లబడింది. పాప చేతులు వెనక్కి లాక్కుంది.

"చెడగొట్టేసినా సార్! మా నాయనకు చెప్పొద్దండి. నేనింక రాను."

ఏమీ కాలేదని నేను చెబుతున్నా వినకుండా సంచి తీసుకుని లేచింది. అన్న వచ్చాడు. మూత మూసి, పిడి పట్టుకుని, ఛాతీ ఎత్తుకు లేపి వదిలాడు. అంత ఎత్తు నుంచి ఎన్నడూ వదల్లేదు. నేను కళ్ళు మూసుకున్నాను. కళ్ళు తెరిచేసరికి అన్న మూత తెరిచాడు, తెర వెలుగుతోంది.

"సూసినావా తల్లీ? నేను ఎత్తి పడేస్తేనే ఏం కాలేదు. నీ వేలు తగిలితే యాడ చెడిపోతాది? కూర్చో, నొక్కు."

సుష్మ ముక్కు తుడుచుకుని కూర్చుంది. కాసేపటికి టకటకా కొట్టడం మొదలుపెట్టింది.

నేను వరండాలోకి వెళితే, అన్న గోడకు ఆనుకుని చెంబుతో నీళ్ళు తాగుతున్నాడు. సగం నీళ్ళు చొక్కా మీదే ఒలకబోసుకున్నాడు.

"నీకూ భయమేనా అన్నా?"

"పడేసినప్పుడల్లా పానం పోయొస్తాండాది భానూ. కానీ, మిషన్ను సూసి బెదిరి పిలకాయలు ఎనక్కి పోతే ఎట్లప్పా?"

నాకు ఆయన మీద కోపమంతా పోయింది.

నెల తిరక్కుండానే సుష్మ వాళ్ళమ్మ అక్కమ్మ సెంటరు చూడటానికి వచ్చింది.

"అమ్మా, ఇది ఎంత గట్టిగా ఉండాదో సూడు!" అంటూ సుష్మ ల్యాప్‌టాప్‌ను తలమీదికి ఎత్తింది.

"వద్దు తల్లీ!" అని అన్న రెండు చేతులూ చాచి నేలమీదికి దూకాడు.

ల్యాప్‌టాప్ ఆయన చేతుల్లోనే పడింది, దానికి ఏమీ కాలేదు. గీరుకుపోయిన అన్న మోచేతులకు అక్కమ్మే పసుపు పెట్టింది.