ఎర్ర రైలెక్కిన మొగిలయ్య

థూ, ఏం పిల్లలు మీరు! పెండ్లిల డీజే పెట్టుకొని మోకాళ్లు పోయేదాంక ఎగురుతరు. గా గోడకు ఏలాడుతున్న డప్పు ఎవలిదని ఇన్నేండ్లల్ల ఒక్కలన్న అడిగిండ్రా? కవితా, రాసుకో. నేను జెప్తుంటె ఫోన్ జూడకు. గా డప్పు నా తమ్ముడు మొగిలయ్యది. మీకు తాతైతడు.

మాది ముస్తాబాద్. వాడు డప్పు కొడితె ముసలోళ్ల కాళ్లు సుత కదిలేవి. సకల జనుల సమ్మె యేడు సిరిసిల్ల దీక్షా శిబిరం కాడ పొద్దుందాక వాడే కొట్టేది. రైలు రోకో అంటె దూరమైనా పోయి అందరికన్న ముందు పట్టాల మీద కూసునేది వాడే. రైళ్లు ఆపిండు గని ఎన్నడు రైలెక్కలె. మా దిక్కు రైలే లేకపాయె.

మా వాడకట్టు నరేందర్ గప్పుడు జర్మనీల నౌకరి. ఫోన్ జేసిండు.

"మామా, ఈడ మనోళ్లందరం తెలంగాణ కోసం బతుకమ్మ ఆడుతున్నం. డప్పు లేకుంటె సప్పగుంటది. ఖర్చంత మాది, రా."

"గా దేశంల నా డప్పు ఎవలింటర్ర?"

"నువ్వు కొట్టు, తెల్లోళ్లు సుత ఎగురుతరు."

మా వాడల డప్పు పట్టుకొని విమానమెక్కిన మొదటోడు వాడే. శిబిరంల దండేసి పంపిండ్రు. ఆట షురూ గాంగనే నరేందర్ ఫోన్ జేసుడు, మనోళ్లు ఫోన్‌కు మైకు పెట్టుడు, మొగిలయ్య డప్పు సిరిసిల్ల అంత ఇనుడు. గట్ల మాటనుకున్నరు.

విమానం దిగినంక రైల్ల పోవాలె. నరేందర్ ముందే మనిషితోని పైసలు పంపి, ఫోన్ల జెప్పిండు: "రెండు రైళ్లుంటయి మామా. తెల్లది ఉరికినట్టు అస్తది, పిరం. ఎర్రది అగ్గువ, ఊరూరికి ఆగుతది, నడుమ దిగి మారాలె. తెల్లదే ఎక్కు. పైసలు జూడకు."

వాడు పైసలే సూసిండు. సైగలతోని రెండిటి ధరలు అడిగి ఎర్రదే ఎక్కిండు. ఎందుకో తెల్సా? మిగిలినయి నరేందర్ చేతుల పెడ్దామని. "ఊకె అచ్చిన సొమ్మని డప్పోళ్లు తిన్నరంటరక్కా, గా మాట పడొద్దనుకున్న" అన్నడు నాతోని. జీవితమంత గా మాటకే భయపడ్డడు.

నడుమ ఒక చిన్న టేషన్ల దిగిండు. వాన, వణికిచ్చే ఇగం. ఇంకో రైలు రానీకి టైముంది. డప్పు మీద ఏలేసి సూస్తె తోలు మెత్తగైంది. సల్లబడ్డ డప్పు మోగదు, మంట మీద కాపాలె. దిగంగనే కొట్టాలె గదా అని, చెత్తడబ్బల కాయిదాలు ఏరి, బీడీల అగ్గిపెట్టె తీసి, గా ప్లాట్‌ఫారం మీదనే మంటేసిండు! మనూర్ల పెండ్లి ముంగట ఏసినట్టు.

పొగ లేసింది. టేషనోడు ఉరికచ్చిండు, పోలీసులచ్చిండ్రు. మంట మీద నీళ్లు గుమ్మరిస్తె డప్పంత తడిసింది. భాష రాదు. డప్పు సూపెట్టిండు, చేతులు జోడిచ్చిండు. చుట్టు జనం ఫోన్లల్ల వీడియో తీసిండ్రు. ఎక్కాల్సిన రైలు కండ్ల ముంగటనే పోయింది.

ఈడ శిబిరంల నేను ముందు వరుసల కూసున్న. మైకుల నరేందర్ గొంతు అచ్చింది: "మొగిలయ్య మామ ఇంకా రాలేదే. ఎదురుసూసి మేమే పాట మొదలుపెట్టినం." ఎనుకకెల్లి మా వాడ హన్మంతు అన్నడు, "విమానమెక్కినోనికి రైలెక్కుడు రాకపాయెనా!" అందరు నవ్విండ్రు. నేను కొంగు మొఖానికి కప్పుకున్న.

వాడు ఆడికి చేరేసరికి బతుకమ్మలు నీళ్లల్ల ఏసుడయింది. హాలు ఊడుస్తున్నరట. మిగిలిన పైసలు చేతుల పెడితె నరేందర్ కోపం జెయ్యలె. "తిన్నవా మామా?" అన్నడట. "తిడితె బాగుండెనక్కా" అన్నడు వాడు.

తిరిగచ్చినంక ముచ్చటంత అందరికి తెల్సి వాని పేరు పోయింది. సిరిసిల్లల, ముస్తాబాద్‌ల "అగో, ఎర్ర రైలు అస్తుంది" అనుడే. చాయ తాగుతందుకు సుత బయటికి పోకుండైండు. డప్పు ఎండబెట్టి గా గోడకు తలిగేసిండు.

రాష్ట్రమచ్చిన్నాడు వాడకట్టంత రోడ్డు మీదనే. మా వాకిట్ల గడ్డి మంటేసి డప్పులు కాపుతున్నరు. మొగిలయ్య మంట కాడ కూసుండి ఒక్కొక్క డప్పు తిప్పి తిప్పి కాపి, ఒక్క ఏలుతోని కొట్టి సూసి అందిస్తుండు.

"నీది తీయరా, ఇయ్యాలన్న కొట్టు" అన్న నేను.

"నేను కాపి ఇస్తనక్కా, వాళ్లను కొట్టనీ" అన్నడు, తలెత్తకుండ.

గప్పటికెల్లి పెండ్లయినా సావయినా మంట కాడనే కూసున్నడు. అందరి డప్పులు కాపిండు, వానిది గోడ దిగలె. సచ్చిపోయిననాడు వానికి యాభై మూడేండ్లు.