అక్క ఎక్కనన్న కమాను

కింద పడటం ఎలాగో నా చిన్నప్పుడు మా పక్కింటి అక్క నేర్పింది. సైకిల్ తొక్కడం నేర్పినవాళ్ళు, ఈత నేర్పినవాళ్ళు అందరికీ ఉంటారు. పడటం నేర్పిన మనిషి ఒకామె ఉండేదని చెబితే మా ఇంటి పిల్లలు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనిస్తాను. మిగతాది వాళ్ళకు ఇంకా చెప్పలేదు.

మాది తొండుపల్లి. అప్పటికి శంషాబాద్ విమానాశ్రయం తెరిచి కొన్నేళ్ళే అయింది. నేను ఆరో తరగతి. మా బాపు ట్రాలీ ఆటో నడిపేవాడు. పక్కింటి అక్క కాలేజీలో కబడ్డీ ఆడింది. చదువయ్యాక విమానాశ్రయంలో ఊడ్చి తుడిచే పనికి కుదిరింది. ఆదివారం పొద్దున తల్లితో చర్చికి పోయేది. సెలవు దొరికిన రోజు మాత్రం కుస్తీ ప్రదర్శనలకు వెళ్ళేది. టీవీలో చూపించే రకం కుస్తీ అది. తాళ్ళు కట్టిన రింగు, హోరెత్తే పాటలు, తళతళలాడే బట్టలు, ఒకరు మంచివాళ్ళు, ఒకరు చెడ్డవాళ్ళు. నగరంలో ఒకాయన ఆ బృందాన్ని నడిపేవాడు. అందరూ ఆయన్ని మాస్టర్ అనేవాళ్ళు. ఎగ్జిబిషన్‌లకు, కాలేజీ వేడుకలకు, కొత్తగా ప్లాట్లు అమ్మే వెంచర్లలో జనాన్ని పోగు చేయడానికి వాళ్ళను పిలిచేవారు.

అక్కది ఎప్పుడూ చెడ్డ వేషమే. నల్ల బట్టలు వేసుకుని, కళ్ళ చుట్టూ కాటుక పులుముకుని రింగులోకి వచ్చేది. జనం ఎంత తిడితే ఆమె పని అంత బాగా జరిగినట్టు లెక్క. మంచి వేషం మహేశ్వరం నుంచి వచ్చే ఇంకో అమ్మాయిది. ఆమెను మేము మహేశ్వరం అక్క అనేవాళ్ళం. మా అక్క కంటే చిన్నది. సన్నగా ఉండేది, ఊరికే నవ్వేది. ఇద్దరూ పక్కింటి వాకిట్లో పాత దూది పరుపులు పరుచుకుని సాధన చేసేవాళ్ళు. మా వీధి పిల్లలమంతా గోడెక్కి చూసేవాళ్ళం. మెడ పట్టుకుని పోట్లాడుతున్నా సరే, తల మీదుగా విమానం పోతే చాలు, మహేశ్వరం అక్క పట్టు వదిలేసి దానికి చెయ్యి ఊపేది. మా అక్క కోపం తెచ్చుకోబోయి తానూ నవ్వేసేది. సాధన అయ్యాక మా అమ్మ దగ్గర సర్వపిండి అడిగి తీసుకుని, అరుగు మీదే కూర్చుని తినేవాళ్ళు.

అదంతా ఉత్తుత్తి ఆటేనని బడిలో పిల్లలు అంటున్నారని ఒకరోజు నేను అక్కతో అన్నాను. అక్క వెనక్కి తిరిగి, జాకెట్ కొంచెం జరిపి వీపు చూపించింది. వీపంతా కమిలిపోయి ఉంది. ఎవరు గెలవాలో ముందే మాట్లాడుకుంటామని, నేల మాత్రం తమతో మాట్లాడుకోదని చెప్పింది. ఆ రోజే నన్ను పరుపు మీదికి పిలిచింది. గడ్డం ఛాతీకి ఆనించమంది. ఊపిరి బిగబట్టొద్దంది. వీపు తగిలే క్షణంలోనే రెండు చేతులూ చాచి నేలను కొట్టమంది.

"దెబ్బ తగలకుంట పడుడు ఎవ్వరికి రాదు. తగిలే దెబ్బను ఒళ్ళంత పంచాలె, గంతే," అంది.

ఆమె నాకు ఇంకొకటి కూడా చెప్పింది. ఆ ఆటలో ఎదురుగా ఉన్న మనిషే మనల్ని కాపాడే మనిషి. "నేను దాన్ని భుజం మీదికి లేపిన్నంటే దాని పానం నా చేతుల ఉన్నట్టు. కింద పెట్టేదాక జిమ్మేదారి నాదే," అంది, మహేశ్వరం అక్క వైపు చూస్తూ. ఆమె సర్వపిండి నములుతూ తల ఊపింది.

ఆ ఎండాకాలం మహేశ్వరం దారిలో ఒక వెంచర్ మొదలైంది. జొన్న పండిన చేన్లను చదును చేసి, తెల్లరాళ్ళు పాతి, లోపలికి పోయే దారి మొదట్లో ఇనుప కమాను ఒకటి పెద్దగా నిలబెట్టారు. ప్రారంభం రోజు కుస్తీ పెట్టించాలనుకున్న యజమానికి కొత్త ఆలోచన వచ్చింది. విమానాశ్రయం పక్కనే ప్లాట్లు కాబట్టి, ఆడేవాళ్ళలో ఒకరు కమాను పైనుంచి తాడు మీద విమానం దిగినట్టు రింగులోకి దిగాలన్నాడు. మాస్టర్ సరేనన్నాడు. ముందు ఆ పని మా అక్కకే చెప్పారు.

అక్క ముందురోజు పోయి చూసి వచ్చింది. సాయంత్రం గోడ అవతల నిలబడి మా అమ్మకు చెబుతుంటే నేను విన్నాను.

"బ్యానర్ వేలాడదీసే కొక్కేనికి నన్ను వేలాడదీస్తరట చిన్నమ్మా. రెండో తాడు లేదు. కింద పరుపులు లెవ్వు. నేను ఎక్క అని చెప్పి వచ్చిన."

"మంచిగ చేసినవ్ బిడ్డా. ఇగ మీ మాస్టర్ ఏమన్నడు?"

"మొఖం మాడ్చుకున్నడు. సరే, నువ్వు మామూలుగ నడుచుకుంట రా అన్నడు."

అక్క ఆ రాత్రి నిశ్చింతగా ఉంది. తాను కాదంది కాబట్టి ఆ పని అక్కడితో ఆగిపోయిందనుకుంది. మా అమ్మ కూడా అట్లాగే అనుకుంది. అక్కను మెచ్చుకుని, గిన్నెలో తొక్కు పెట్టి పంపింది.

మర్నాడు వెంచర్‌కు కుర్చీలు చేరవేయడానికి బాపు ట్రాలీని కిరాయికి మాట్లాడుకున్నారు. ఆ కుర్చీల మధ్యే కూర్చుని అమ్మా నేనూ వెళ్ళాం. ఎండ తగ్గుతున్న వేళ. ప్లాట్ల మధ్య రంగు జెండాలు ఎగురుతున్నాయి. మజ్జిగ ప్యాకెట్లు పంచుతున్నారు. పిల్లలందరినీ ముందు తివాచీ మీద కూర్చోబెట్టారు. మా అక్క నల్లబట్టల్లో నడుచుకుంటూ వచ్చి రింగెక్కి, పిడికిలి బిగించి జనాన్ని బెదిరించింది. జనం ఓ అని అరిచారు. అంతా అనుకున్నట్టే సాగుతోంది.

అప్పుడు మైకులో పైకి చూడమన్నారు. మైకు పెట్టెల్లోంచి విమానం మోత వినిపించింది. కమాను మీద తెల్లటి తళుకుబట్టల్లో మహేశ్వరం అక్క నిలబడి ఉంది.

నేను మా అక్క ముఖం చూశాను. ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత తాళ్ళ దగ్గరికి పరుగెత్తి, రెండు చేతులూ ఊపుతూ వద్దు, దిగు అని అరిచింది. పాట హోరులో ఆ మాట పైకి పోలేదు. చెడ్డమనిషి భయపడిపోయిందనుకుని జనం నవ్వారు. మహేశ్వరం అక్క కూడా అది వేషంలో భాగమనే అనుకుందేమో, కిందికి చెయ్యి ఊపి, తాడు మీద జారింది. సగం దూరం వచ్చేదాకా బాగానే వచ్చింది. కొక్కెం విడిపోయిన చప్పుడు ఎవరికీ వినపడలేదు. ఆమె రింగు అంచు మీద పడి, అక్కడి నుంచి నేల మీదికి జారింది. అంత ఎత్తు నుంచి పడ్డ మనిషికి ఎవరు నేర్పిన విద్యా పనికిరాదు.

జనం చప్పట్లు కొట్టారు. ఈలలు వేశారు. ఆ చప్పట్ల మధ్యే మా అక్క కిందికి దూకి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది. బండి తెమ్మని అరిచింది. మైకులో ఉన్నాయనకు సంగతి అర్థం కాలేదు. చూడండి, పడిపోయిన పిల్లను కూడా వదలట్లేదు ఈ రాక్షసి అంటూ చెప్పుకుపోతున్నాడు. వెనక నుంచి ఎవరో మజ్జిగ ప్యాకెట్ విసిరారు. అది మా అక్క భుజానికి తగిలి పగిలింది. తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. దాన్ని వదలవే అని పక్కనే ఒక పెద్దాయన తిడుతున్నాడు. అక్క చేతులు తీయలేదు. ముఖం మీద మజ్జిగా కాటుకా కలిసి కారుతుంటే, జనంలో మా బాపును వెతికి పట్టుకుని అంది: "బాబాయ్, బండి తే. ఇది ఆట గాదు."

బాపు ఒక బల్ల చెక్క తెచ్చాడు. దాని మీద పడుకోబెట్టి ట్రాలీలోకి ఎక్కించారు. అక్క ఆమె తల వదలకుండానే పక్కన ఎక్కింది. దవాఖాన చేరకముందే మహేశ్వరం అక్క ప్రాణం పోయిందని మాకు తర్వాత తెలిసింది.

అమ్మా నేనూ అక్కడే ఉండిపోయాం. కాసేపటికి మైకులో, అమ్మాయికి చిన్న దెబ్బే తగిలింది, ఆరాంగా ఉంది, ఎవరూ పరేషాన్ కావొద్దు అన్నారు. రింగు అంచు తుడిచారు. ఇద్దరు మగవాళ్ళు వచ్చి కుస్తీ మొదలుపెట్టారు. లేచినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. మా అమ్మ నా రెక్క పట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా రోడ్డు దాకా నడిపించింది.

ఆ తర్వాత వారమంతా మా ఊళ్ళో మాట్లాడింది ఆడపిల్లకు అటువంటి పనులెందుకని. కొక్కెం గురించి ఎవరూ మాట్లాడలేదు. మా అక్క పోలీస్ స్టేషన్‌కు పోయి తాను చూసిందంతా చెప్పింది. ఆ పిల్లే ముచ్చటపడి ఎక్కుతానందని మాస్టర్ చెప్పాడు. చచ్చిపోయిన మనిషి వచ్చి కాదనదు కదా. పెద్దమనుషులు మధ్యలో కూర్చుని ముగించేశారు. బృందం పేరు మార్చుకుని మళ్ళీ ఆడింది. వెంచర్‌లో ఇప్పుడు ఇళ్ళు లేచాయి. ఏటా రంగులు వేస్తారు ఆ కమానుకు.

అక్క మహేశ్వరం పోయినప్పుడు మా అమ్మ తోడు వెళ్ళింది, నన్నూ తీసుకెళ్ళింది. మహేశ్వరం అక్క వాళ్ళ ఇంట్లో తల్లి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మమ్మల్ని తిట్టలేదు. మంచినీళ్ళు ఇప్పించింది. అప్పుడు అక్కను అడిగింది.

"నువ్వు ఎక్కనన్నవట గద బిడ్డా."

"అవునమ్మా."

"మా పిల్లకు గా మాట ఎందుకు చెప్పలె?"

అక్క మంచినీళ్ళ గ్లాసు తాగకుండానే కింద పెట్టింది.

చాలా రోజులు ఆమె వాకిట్లోకే రాలేదు. ఒక మధ్యాహ్నం పరుపులు విప్పి దూది ఎండలో పోస్తుంటే నేను పోయి పక్కన కూర్చున్నాను. ఆమె తప్పేమీ లేదని అమ్మ అంటోందని చెప్పాను. ఓదార్చాలనే అన్నాను. పిల్లలకు అంతకంటే తెలియదు.

అక్క దూది విదిలిస్తూనే చెప్పింది. "అందరు గట్లనే అంటున్నరు. నేను గూడ గట్లనే అనుకుందమని చూస్తున్న. కానీ జర ఇను. నేను ఎక్క అన్న. ఎవ్వరు ఎక్కొద్దు అనలె. గా రెండు మాటలు ఒక్కటే అనుకున్న. కాదు."

చెప్పిన గొంతులో ఏడుపు లేదు. నాకు పాఠం చెబుతున్నట్టు కూడా లేదు. ఎవరికో ఒకరికి చెప్పాలి కాబట్టి, ఎదురుగా ఉన్నాను కాబట్టి చెప్పింది. ఆమె మళ్ళీ రింగు ఎక్కలేదు. పెళ్ళై వేరే ఊరు పోయింది. క్రిస్మస్‌కు ఫోన్ చేస్తుంది. ఆ సంగతి తప్ప అన్నీ మాట్లాడుకుంటాం.

నేనిప్పుడు బడిలో పాఠాలు చెబుతున్నాను. పోయిన వార్షికోత్సవానికి పిల్లల చేత ఒకరి భుజాల మీద ఒకరిని నిలబెట్టించి గోపురం కట్టించాలన్నారు. కింద సిమెంటు గచ్చు. మా తరగతి పిల్లలతో నేను చేయించనన్నాను. సరే మేడమ్, మీ పిల్లలు వద్దులెండి, పక్క సెక్షన్ వాళ్ళు చేస్తారు అని ఏర్పాట్లు చూసేవాళ్ళు ఎంతో మర్యాదగా చెప్పారు. ఆ మర్యాద వినగానే పక్క సెక్షన్ టీచర్ దగ్గరికి పోయాను. ఆమె వినకపోతే పెద్దసారు దగ్గరికి పోయాను. ఆయనా వినకపోతే, సాయంత్రం గేటు దగ్గర నిలబడి పిల్లల తల్లులకు ఒక్కొక్కరికీ చెప్పాను. గోపురం ఆగిపోయింది. అప్పటి నుంచి స్టాఫ్ రూంలో నాతో అవసరానికే మాట్లాడుతున్నారు. సంతోషాలు చెడగొట్టే మనిషినని పేరొచ్చింది.

అన్నిటికంటే పై వరుసలో నిలబడాల్సిన పిల్లకు నా మీద ఇంకా కోపం పోలేదు. వరండాలో ఎదురైతే మొహం తిప్పుకుని పోతుంది. పోనీ. తన కాళ్ళతో నడుచుకుంటూ పోతోంది.