బావ కొట్టేసిన వాక్యం

మా అక్క భర్త ఫ్యాక్టరీలో ఆవిరి గొట్టాలకు నిబంధనలు రాసేవాడు. ఎలాంటి గొట్టం కొనాలి, ఎంత మందం ఉండాలి, ఎంత ఒత్తిడికి ఆగాలి, అంతా ఆయన రాసిచ్చాకే సరుకు గేటు దాటేది. వంటింట్లో కొత్త గిన్నె కనిపించినా బోర్లించి అడుగు చూసేవాడు.

"దాని పుట్టుపూర్వోత్తరాలు తర్వాత, ముందు అన్నం తిను బావా."

"నవ్వకురా బామ్మర్దీ. ఎక్కడ పుట్టిందో తెలిస్తే సగం గుణం తెలిసినట్టే."

ఆ నమ్మకమే కొత్త బాయిలర్ కాగితాల్లోకీ ఎక్కింది. అంతకుముందు ఏడాది బయటి దేశపు గొట్టమొకటి పగిలింది. ఎవరికీ ఏమీ కాలేదుగానీ బావ జడుసుకున్నాడు. 'గొట్టాలు మన దేశంలో తయారైనవే కావాలి' అని రాశాడు. దాని కిందే, వచ్చిన ప్రతి గొట్టాన్నీ ఇక్కడ మళ్లీ పరీక్షించాలన్న పాత వాక్యం ఉంది. ఆలస్యమవుతోందని పైవాళ్లు సణుగుతున్నారు. మన సరుకే కదా అని ఆ వాక్యాన్ని కొట్టేశాడు.

గొట్టాలొచ్చాయి, బిగించారు. ఆవిరి ఎక్కించడానికి పది రోజుల ముందు, మిగిలిపోయిన ముక్కొకటి తీసుకుని రంగు గీకి చూశాడు. కింద అరగదీసిన పాత ముద్ర. నిరుడు పగిలిన గొట్టం మీదున్న ముద్రే. ఎక్కడో చేసినవి తెచ్చి, ఇక్కడ కోసి, రంగేసి, కొత్త ముద్ర కొట్టారు. కోసింది ఇక్కడే కాబట్టి కాగితం ప్రకారం అవి మన దేశపువే.

మేనేజరు గదిలో జరిగింది, గొట్టాలు బిగించిన ఫిట్టరు నాకు తర్వాత చెప్పాడు.

"విప్పించండి సార్. పరీక్ష చేయాలి."

"విప్పితే మూడు వారాలు పోతాయి. చేయాలని కాగితంలో ఎక్కడుందో చూపించండి."

"లేదు. నేనే తీసేశాను."

"మరి మీ వేలితో మీ కన్నే పొడుచుకుంటారా?"

పైకి రెండు ఉత్తరాలు రాశాడు. జవాబు రాలేదు. ఇంట్లో కంచం ముందు కూర్చుని లేచిపోయేవాడు. "ఏమైందండీ?" అని అక్క అడిగితే, "ఏం లేదులే," అనేవాడు.

ఆవిరి ఎక్కించే రోజు పొద్దున్నే వెళ్లాడు. నిబంధనలు రాసే మనిషికి బాయిలర్ దగ్గర పని లేదు. అయినా అక్కడున్న ఆరుగురినీ గోడ అవతలికి పొమ్మన్నాడు.

"ఒత్తిడి చూపే ముల్లు నేను చూస్తా."

"అది మీ పని కాదు కద్సార్," అన్నాడు ఫిట్టరు.

"ఇవాళ నాదే నాయనా. పో."

పదింటికి ముల్లు సగం దాటింది. ఆ తర్వాత చప్పుడు మా వీధి దాకా వినిపించింది.

సాయంత్రం బావను గుడ్డ కప్పి తెచ్చి వాకిట్లో దించాక, ఫిట్టరు చెవుల్లో దూది పెట్టుకుని వచ్చి అక్క ఎదుట నిలబడ్డాడు. "ఆ గోడ మా నడుం దాకే ఉంటుందమ్మా," అన్నాడు. "లేవొద్దు, వంగే ఉండండి అని సారు అరుస్తూనే ఉన్నారు."