చింతపండుతో తోమిన చెంచాలు

నేను ఏడో తరగతి రెండేళ్లు చదివాను, నాకంత ఇష్టం ఆ క్లాసంటే. మూడో ఏడూ చదివేవాణ్ణే గానీ, ఇంగ్లీషు మాస్టారే దణ్ణం పెట్టి పంపించేశారు. మొన్న అక్క మనవరాలి ఓణీల ఫంక్షన్లో, వడ్డించే బల్ల మీద బంగారు రంగు గరిటెలు వరసగా మెరుస్తుంటే నాకు మస్కట్‌లో తోమిన నాలుగు చెంచాలు గుర్తొచ్చాయి.

ఎనభైల చివర్లో మా బావ, అంటే ఆ అక్క మొగుడు, మస్కట్‌లో అల్ హైల్ వైపు ఒక ఇంగ్లీషువాళ్ల విల్లాలో వంటమనిషి. ఆ ఇంటి సార్‌ని బతిమాలి నన్నూ గిన్నెలు తోమే పనికి రప్పించుకున్నాడు. ఊళ్లో అక్క ఇల్లు గోడలు లేచి స్లాబు కోసం ఆగి ఉండేది. బావ డ్యూటీ అంతా ఆ స్లాబు కోసమే.

మేడమ్‌కి వాళ్ల అమ్మమ్మ నాటి వడ్డన చెంచాలు నాలుగుండేవి. కాడ మెలితిరిగిన ద్రాక్షతీగ, దాని మీద ఈనెలతో సహా ఆకులు, గుంటలో గుత్తులు. ముట్టుకుంటే పండు చితుకుతుందేమో అనిపించేది. ఒక శుక్రవారం విందుకని బావ వాటిని తీసి, మెత్తటి గుడ్డతో తుడిచిపెట్టమని చెప్పి బజారుకెళ్లాడు. అవి వెండివనీ, పైన బంగారు పూత ఉందనీ నాకేం తెలుసు? ఈనెల్లో నలుపు చూసి ఇత్తడనుకుని, అమ్మా అక్కా తోమినట్టే, బావ చారుకి దాచుకున్న చింతపండూ, ఆ దేశంలో ఎటూ కరువులేని ఇసకా వేసి తోమాను. పసుపు పోయి తెలుపు తేలేకొద్దీ మురికి వదులుతోందని ఇంకా గట్టిగా పట్టించి, మెచ్చుకుంటుందని నేనే తీసుకెళ్లి మేడమ్‌కి చూపించాను.

ఆవిడ అరవలేదు. చెంచాలను ఒళ్లో పెట్టుకుని, ఏ ఆకు మడతలోనైనా పసుపు మిగిలిందేమోనని బొటనవేలితో తడుముతూ కూర్చుంది. అరిచింది సార్. అప్పుడే సంచీలతో వచ్చిన బావ, నేను నోరు తెరవబోతే "నువ్వూరుకోరా" అని, ఆయనతో ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. అలా తోమమన్నది తనేనని చెప్పాడట. వీసా క్యాన్సిలై బావ పెట్టె సర్దుకుంటుంటే ఆ ఇంటి డ్రైవరు నాకీ సంగతి చెప్పాడు. అప్పుడైనా వెళ్లి నిజం చెప్పొచ్చు. భయపడి చెప్పలేదు.

ఇప్పుడు బావ లేడు. ఇళ్లలో ఇత్తడీ లేదు, చింతపండుతో తోమే చేతులూ లేవు. బజార్లో దొరికే బంగారు రంగు చెంచాలకు పూత పోతే పారేసి ఇంకోటి కొంటున్నారు. ఒళ్లో పెట్టుకుని తడుముకునేవాళ్లు ఎవరున్నారు?

బావని పంపించేసిన రెండేళ్లకు నేను సెలవు మీద ఊరెళ్తే, అక్క ఇంటి గోడల మీద తాటాకు కప్పి ఉంది. దాని కింద కూర్చుని, ఏడుపు ఆపుకోవడానికి ఒక జోకేశాను: "నాలుగు చెంచాలకే నిన్ను పంపించారు బావా, డజను తోముంటే సారే వెళ్లిపోయేవాడు. అయినా నా తిట్లు నువ్వెందుకు తిన్నావు?"

బావ నవ్వలేదు. "నీకు ఇంగ్లీషొచ్చి ఏడిసిందా? అర్థమయ్యేవాడే తినాలిరా తిట్లు."