పంచె అంచున ఎర్రపోగులు

నార్కట్‌పల్లికి రెండు కోసుల దూరంలోని సాలెవాడలో, పందొమ్మిది వందల అరవై రెండో యేట, వెంకటనర్సుకు తన దేహమే శత్రువైంది. ముప్పై ఏళ్లుగా ఒకే మగ్గం గుంటలో కాళ్లు దించి పంచెలు నేసిన మనిషి. ఇప్పుడు నేసిన బట్ట చుట్టుకునే కర్ర పొట్టలో గుచ్చుకుంటున్నది. నూలు చుట్టిన కండెను అటూ ఇటూ నడిపే నాడె అందుకోవడానికి వంగితే ఊపిరాడదు. కాలి పలకలు తొక్కే మోకాళ్లు సాయంత్రానికి వాచిపోతున్నాయి. బరువు దించకపోతే ఏడాది తిరిగేలోగా గుంటలో దిగడం ఆగిపోతుందని నల్లగొండ దవాఖానలో డాక్టరు చెప్పాడు. నేత తప్ప మరో విద్య ఎరుగనివాడికి ఇక బ్రతుకేది?

భయపడవలసిన వెంకటనర్సు కోపగించుకున్నాడు. ఆ కోపం భార్య ఉప్పలమ్మ మీదికి మళ్లింది. పప్పులో నెయ్యి గుమ్మరించి తనను దున్నపోతును చేసిందని వాడకట్టు వాడకట్టంతా వినేటట్టు అన్నాడు. పప్పూ అన్నమూ మానేశాడు. రెండు పూటలా జొన్నరవ్వతో కాచిన గటక, పలుచని మజ్జిగ; శనివారం నరసింహస్వామి పేర ఒక్కపొద్దు. మూడు నెలలు గడిచినా మొలతాడు వదులు కాలేదు సరికదా, మరింత బిగిసింది.

ఉప్పలమ్మ ఆ నిందను మూడు నెలలు దిగమింగింది. ఒక శుక్రవారం ఉదయం, గటకలో నెయ్యేమైనా కలిపావా అని అతడు అడిగేసరికి, మగ్గం దగ్గరే కూర్చుని కండెలు చుట్టే రాట్నం ఆపింది.

"పప్పు బువ్వ ఇడిచిపెట్టి మూన్నెల్లాయె. గటకకు పొట్ట గిట్ల పెరుగుతదా? పొద్దుందాక నువ్వు బుక్కుతాంటే నేను చూస్తలేనా?"

"ఏం బుక్కుతున్ననే? ఎప్పుడన్న నాలుగు పల్లీలు నోట్లేసుకుంటే అది తిండా?"

మగ్గం పక్కన, కుడిచేతికి అందేటట్టు, వేయించిన పల్లీలూ బెల్లం ముక్కలూ ఉన్న గిన్నె అతని తండ్రి నాటి నుంచీ ఉన్నది. విస్తరి ముందు కూర్చోనిదే తిన్నట్టు కాదని ఆ యింటి నమ్మకం. అందువల్ల ఒక్కపొద్దునాడు కూడా ఆ గిన్నెకు అడ్డు లేదు.

"తిండి గాదంటవు గదా. నువ్వు గిన్నెల చెయ్యి పెట్టినప్పుడల్లా అంచుల ఓ ఎర్రపోగు ఇరికిస్త. ఈ పంచెల చాపు కోసినంక చూడు."

"ఇరికియ్యి. నాలుగు గూడ కానరావు పో."

మొదటి పూట చెయ్యి బిగబట్టుకున్నాడు. రెండో పూటకు మాటే మరచిపోయాడు. నేసినది నేసినట్టు కర్రకు చుట్టుకుపోతున్నందున పోగులెన్నయ్యాయో కంటపడలేదు.

శుక్రవారం మొదలైన పంచెల చాపును ఆదివారం కోసి నేలమీద పరిచారు. మొదట రెండు మూరల మేర తెల్లగా ఉన్నది. ఆ తరువాత వరుసగా ఎర్రపోగులు. వెంకటనర్సు పదిహేను దాకా లెక్కించి ఆగిపోయాడు. అతణ్ణి ఆపింది లెక్క కాదు, పోగుకూ పోగుకూ నడుమనున్న దూరం. జాన పరచి కొలిచాడు. అంతటా జానెడే.

ఒక కండె నూలు జానెడు నేస్తుందని నేతగాడికి వేరే చెప్పాలా! కండె అయిపోగానే నాడె ఉప్పలమ్మకు ఇస్తాడు. ఆమె కొత్త కండె అమర్చి తిరిగి ఇచ్చేదాకా అతని కుడిచేతికి పని లేదు. ఆ కాసేపట్లో అది గిన్నెలోకి పోతున్నది. ఆకలి జాన కొలిచినట్టు వేస్తుందా? శనివారం నేసిన మేరలోనూ ఒక్క పోగు తగ్గలేదు. కడుపులోని వైశ్వానరాగ్ని అడిగినప్పుడు అర్పించినదే ఆహుతి. అడగనిది కుమ్మరించడం హోమగుండాన్ని పూడ్చడమే. వ్రతమని దండం పెట్టిన చేతితోనే అతడా పని చేశాడు.

వెంకటనర్సు ఆ చేతిని పిడికిలి పట్టి నేలకేసి గుద్దాడు.

"ఇది ఆకలి గాదే. చెయ్యి ఖాళీ అయితే చాలు, నోట్లకు పోతాంది. సామి ఒక్కపొద్దు గూడ పాడుచేసిన."

"సామి సంగతి సామి చూసుకుంటడు. వాడకట్టుల నా ఇజ్జత్ తీసినవు, దాని సంగతేంది?"

ఆమె గిన్నె ఎత్తుకుపోబోయింది.

"గిన్నె తీస్తే ఏమైతది? చెయ్యి ఇంకోటి ఎతుక్కుంటది. కండెల గంప ఇటు జరుపు. ఇగ నాడె నీకియ్య, కండె నేనే పెట్టుకుంట."

మరునాడు అతడు పల్లీలు ముట్టలేదు. మధ్యాహ్నానికి అసలైన ఆకలి వేసి, తానే వచ్చి పీట మీద కూర్చున్నాడు. ఉప్పలమ్మ అన్నం వడ్డించి, నెయ్యిగిన్నె ఎదుట పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. అతడు తలవంచుకుని చెంచాడు పోసుకుని, కడుపుకు చాలినంత తిని లేచాడు. వాడకట్టులో అందరికీ తన తప్పు చెప్పివస్తానన్నాడు.

"నేను గూడ వస్త. ఏం చెప్తవో ఇంట."

ఇంటింటికీ అతని వెనుకే నడిచింది. పక్కింటి నర్సింగమ్మ తలుపు వేసుకుని ఉంటే, తీసేదాకా ఉప్పలమ్మ అతణ్ణి ఎండలో నిలబెట్టింది.

ఆ తరువాత కూడా కండె అయిపోయినప్పుడల్లా అతని చెయ్యి లేచేది. దొంగను చూసినట్టు దాన్ని ఉరిమి చూసి, గంపలోని కండె తీసుకునేవాడు. ఎండలు ముదిరేనాటికి కర్రకూ పొట్టకూ నడుమ నాలుగు వేళ్ల సందు వచ్చింది. డాక్టరు చెప్పిన గడువు దాటినా, వెంకటనర్సు గుంటలో దిగి నేస్తూనే ఉన్నాడు.