బోణీకి ముందు అడిగిన ప్రశ్న

పొద్దున ఏడు నలభైకి వేలూరు ఆసుపత్రిలో నర్సు మా నాయన మణికట్టుకున్న పట్టీ చూసి, పేరు ఆయన నోటితోనే చెప్పించుకుని, రోజూ అందరినీ అడిగే ప్రశ్నే అడిగింది.

"అప్పా, ఇంతకు ముందు ఏదైనా సూది మందు మీకు పడకుండా పోయినాదా?"

నాయన కిటికీ వైపు చూశాడు. "చూస్తాము" అన్నాడు.

"చూసేది కాదప్పా. ఉండాదా, లేదా?"

"సాయంత్రం చెప్తా."

ఆమె చేతిలోని మందు సీసాను విప్పకుండానే పళ్ళెంలో పెట్టేసింది.

నాయనకు గుడియాత్తంలో మళిగె అంగడి, అంటే కిరాణా కొట్టు, ఉండేది. సరుకుల పెట్టె తాలూకు మేకు అరికాలిలో దిగింది. షుగర్ ఉన్న కాలు కాబట్టి నొప్పి తెలియలేదు. జ్వరం వచ్చి, చీలమండ దాకా వాచాకే మాకు తెలిసింది. డాక్టర్లు చీము తీసి పరీక్షకు పంపారు. ఆ ఫలితం వచ్చేదాకా ఆగకుండా నరంలోకి గట్టి మందు ఈ పొద్దే మొదలుపెట్టాలన్నారు. ఆలస్యమైతే వేళ్ళు పోవచ్చు, ఇంకా ఆలస్యమైతే పాదమే పోవచ్చునని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు.

ఇక నాయన జవాబు సంగతి. మా ఇళ్ళలో అంగడి పెట్టినవాళ్ళు బోణీ కాకముందు "లేదు" అనరు. ఉప్పు అయిపోతే నిండుకున్నాది అంటారు. మిగతావి అయిపోతే మా నాయన "సాయంత్రం వస్తాది" అనేవాడు. ఈ సంగతి బజారంతటికీ తెలుసు. ఎదురంగడి ఆయన పొద్దున్నే వచ్చి, "అప్పా, మీ దగ్గర ఏనుగు ఉండాదా?" అని అడిగేవాడు. "సాయంత్రం వస్తాది" అనేవాడు నాయన, తలెత్తకుండా.

నర్సు కాట్పాడి వైపు పిల్ల. తెలుగు బాగా వచ్చు. ఓపిక కూడా ఉంది, కానీ పని విషయంలో కచ్చితం. "ఇది పెన్సిలిన్ జాతి మందు. పడనోళ్ళకి ఎక్కితే ఊపిరి ఆడదు. తెలియకుండా నేను ఎక్కించను. సొల్లుంగ, చెప్పండప్పా."

ఆయన తరఫున నేనే లేదని చెప్పబోయాను. నాకు తెలిసినంతలో అలాంటిదేమీ జరగలేదు. నాయన చెయ్యెత్తి ఆపాడు.

"నువ్వు అనొద్దు పాపా. ఇంకా బోణీ కావాల."

"ఇక్కడ మీరేం అమ్ముతా ఉండారు?" అంది నర్సు.

"అమ్మేది నువ్వు, కొనేది నేను. యాడైనా బోణీ బోణీయే."

గుడియాత్తంలో ఉన్న అమ్మకు ఫోన్ చేసి సంగతి చెప్పి, నర్సుకు కూడా వినబడేలా పెట్టాను. అమ్మ ముందు నవ్వింది. "ఆ మాట కోసం కూచుంటే మీరు మధ్యాన్నం కూడు తినేసి రావచ్చు" అంది. తరువాత నవ్వు ఆపింది.

"సూదా? ఉండాదే. మీ తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు ఈయన గొంతునొప్పికి సూది వేయించుకొని వచ్చినాడు. ఇల్లు చేరేలోపల ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలు బూరెలు. మళ్ళా రిక్షాలో తోలుకొని పోయినా. పెన్సిలిన్ పడలేదని ఆ డాక్టరు చెప్పినాడు. ఈయన వింటేనా? పొద్దున తిన్న వంకాయ కూర మీద పెట్టినాడు నేరమంతా."

నేను నాయన వైపు చూశాను. మా ఇంట్లో వంకాయ ఆయన విస్తట్లోకి ఎందుకు రాదో నాకు ఆ రోజే తెలిసింది. వేలూరు ముళ్ళ వంకాయ అంటే ఊరంతా పడి చస్తుంటే, ఆయన దాన్ని విరోధిలా చూసేవాడు.

"వంకాయే" అన్నాడు నాయన, కొంచెం నెమ్మదిగా.

నర్సు నవ్వలేదు. ఫైలు మీద ఎర్ర సిరాతో రాసి, రెండో చేతికి ఎర్ర పట్టీ కట్టి డాక్టరును పిలిచింది. సూది వేసిన ఎంతసేపటికి దద్దుర్లు వచ్చాయి, ఊపిరి కష్టమైందా అని డాక్టరు ఫోన్‌లో మా అమ్మనే అడిగి తెలుసుకున్నాడు. మూత్రపిండాల పరీక్ష కాగితం చూసి, పెన్సిలిన్ కాని ఇంకో మందు రాశాడు. అది రెండు మందులు కలిపింది.

ఇప్పుడు నాయనలోని వ్యాపారి లేచాడు. "రెండు కలిపి ఇస్తా ఉండారంటే అందులో ఒకటి పోని సరుకే. నేను కొబ్బరినూనెకి పాత సబ్బు కట్టి అమ్మినోణ్ణి. నాకు తెలియదా?"

"ఇది ఆ బేరం కాదప్పా. ఒకటి క్రిమిని చంపేది. క్రిమి ఊరికే కూచోదు, ఆ మందును విరగ్గొట్టేది ఒకటి వదులుతాది. రెండోది దాన్ని అడ్డుకుంటాది."

నాయన ఆలోచించాడు. "ఒకడు ఇంట్లో దూరతాడు, ఇంకొకడు కుక్కని పట్టుకుంటాడు."

"ఆమా, అదే."

"దొంగల పని."

"మీ కాలు కోసం పోయే దొంగలు. చెయ్యి కదిలించొద్దు."

మొదటి సీసాను ఆమె చాలా మెల్లగా ఎక్కించింది. అత్యవసరం మందుల పళ్ళెం మంచం పక్కనే పెట్టుకుని, కదలకుండా నిలబడింది. నేను నాయన పెదాలనే చూస్తున్నాను.

"దురద ఉండాదా అప్పా? గొంతు పట్టినట్టు ఉండాదా?"

నాయన గొట్టంలో పడే చుక్కల వైపు చూశాడు. సరుకు చేతికందినట్టు తల ఊపాడు.

"బోణీ అయినాది కదా. లేదు" అన్నాడు.

ఆయన నోట పొద్దున పూట ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి. అంత మంచి మాట ఆ వారంలో నేను ఇంకొకటి వినలేదు.

చీము పరీక్ష ఫలితం వచ్చాక కూడా డాక్టరు అదే మందు కొనసాగించమన్నాడు. వాపు దిగగానే నాయన ఇంటికి పోదామన్నాడు. కుక్కని మధ్యలో వదిలేస్తే దొంగ గతేమిటని నర్సు అడిగింది. నాయన మళ్ళా చెయ్యి చాపాడు. మిగిలిన సీసాలు గుడియాత్తంలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో, డాక్టరు రాసిచ్చిన వేళలకే ఎక్కించుకున్నాడు. కాలు నిలిచింది. ఇంటికొచ్చిన ఆదివారం అమ్మ గుత్తి వంకాయ చేసింది. ఆయన రెండోసారి వడ్డించుకుని, "దీన్ని ఊరికే తిట్టినానే ఇన్నేండ్లు" అన్నాడు.

ఆ తరువాత పంటి డాక్టరు దగ్గరికి పోయినా, కంటి డాక్టరు దగ్గరికి పోయినా, కూర్చోకముందే "నాకు పెన్సిలిన్ పడదు" అనేవాడు. అంగట్లో మాత్రం పాత నియమం అలాగే ఉంచుకున్నాడు. సూది దగ్గర వేరు, ఉప్పు దగ్గర వేరు అనేవాడు.

నాయన పోయి ఏడాది అయింది. కాలు వల్ల కాదు, గుండె వల్ల. ఆ కాలితోనే చివరి రోజు దాకా అంగడికి నడిచాడు. ఇప్పుడు తమ్ముడు అంగడి చూస్తున్నాడు. పోయిన వారం నేను వెళ్ళినప్పుడు ఎదురంగడి ఆయన పొద్దున్నే వచ్చి, ఏనుగు ఉండాదా అని అడిగాడు. తమ్ముడు నవ్వి, "లేదు మామా" అన్నాడు. ఆయన తిరిగి తన అంగడికి వెళ్ళిపోయాడు.

మా అంగట్లో ఇప్పుడు ఎవరూ "సాయంత్రం వస్తాది" అనడం లేదు.