బెంచీ మీద పెద్ద డాక్టరు

నిస్సార్ డాక్టరు ఆపరేషన్ చేస్తా ఉంటే పక్కన నిలబడి చూసినోళ్ళకు తెలుస్తాది, ఆ చేతుల్లో ఎంత పనితనం ఉండాదో. అందుకే నగరి కాడ ఆ ట్రస్టు ఆసుపత్రికి సూపరింటెండెంటు కావాల్సొచ్చినప్పుడు కమిటీవాళ్ళు ఇంకొకరి పేరు ఎత్తనే లేదు. మంచి సర్జను గదా, నలుగురి చేతా పని చేయించడం కూడా అంతే బాగా వస్తాదిలే అనుకున్నారు. అనుకోడానికేముంది! ఒక ఏడాది చూసి ఖాయం చేస్తామన్నారు, ఈయన తలూపినాడు.

ఆ ఏడాదిలో మనిషి సగమైపోయినాడు. సెలైను బాటిలు తనే తగిలించాల, జనరేటరు ఆగితే తనే కిందికి పరిగెత్తాల, దుప్పట్లు సరిగ్గా ఉతికినారా లేదా అనేది కూడా తనే చూడాల. క్యాజువాలిటీలో ఎవురికైనా ప్రాణం మీదికొచ్చిందంటే చాలు, డ్యూటీ డాక్టరు కోమలిని "నువ్వు జరుగమ్మా" అని, ఆ పిల్ల చేతిలోది లాక్కుని తనే చేసేవాడు. భార్య షగుఫ్తా అయితే, ఇంటికి రావడమెందుకు, ఆడనే ఒక మంచమేసుకోమని ఎగతాళి చేసేది.

ఆయన్ని అనేదానికి కూడా లేదు. నాయన సుభాన్ బాషా చిత్తూరులో పేరున్న దర్జీ. అంగట్లో కుట్టేవాళ్ళు ఎందరున్నా కత్తెర మాత్రం ఆయన తప్ప ఇంకొకరు పట్టకూడదు. ఆయనకు జ్వరమొస్తే మిషన్ల ముందర అందరూ టీ తాగతా కూర్చునేవాళ్ళు. అట్లాంటి ఇంట్లో పెరిగినోడికి పనంటే తన చెయ్యి పెట్టడమే. ఇంకొకరి చెయ్యిని నమ్మడం కూడా ఒక పనేనని ఎవురు చెప్పినారు గనక?

ఏడాది దగ్గర పడినాక కమిటీవాళ్ళు జ్ఞానాంబ గారిని పిలిపించినారు. తిరుపతిలో పెద్ద ఆసుపత్రిని చానా ఏండ్లు నడిపి రిటైరైన డాక్టరమ్మ. ఈయన్ని ఉంచాల్నా, దించాల్నా అనేది ఆమె మాట మీద ఉండాది. నిస్సార్ తను చేసిన ఆపరేషన్ల వివరాలన్నీ ఎత్తుకోని పోయి ఆమె ముందర పెడితే, వాటిని చూడనే లేదు మహాతల్లి. సెలవు పెట్టినానని అందరికీ చెప్పి, రేపు లుంగీ కట్టుకోని, మాస్కు తగిలించుకోని రమ్మనింది. ఫోను ఆపేసి, క్యాజువాలిటీ ముందర జనాలు కూర్చునే బెంచీ మీద తన పక్కన కూర్చోవాలంట.

"లేవాలనిపిస్తే లెయ్యి, నేనేమీ అడ్డం రాను. ప్రాణం కన్నా పరీక్ష పెద్దది కాదు," అనింది. "కానీ లేచినాక, పేషెంటు కోసం లేచినావా, నీ కోసం లేచినావా, నాకు నిజం చెప్పల్ల."

మరుసటి దినం పొద్దున్నే పోయి కూర్చున్నాడు పాపం. గుర్తు పట్టేస్తారేమో అనే బెంగ ఆయనకు. ఎవురు చూస్తారబ్బా, ఆ బెంచీ మీద కూర్చున్నోళ్ళ మొహాలు? హెడ్ నర్సు రేవతి అయితే, స్ట్రెచర్ పోవాల, కాళ్ళు ముడుచుకో అన్నా అని చెప్పి మరీ పోయింది. కాసేపటికి కరెంటు పోయింది. నిస్సార్ సగం పైకి లేచినాడు. ఎవురూ అరవకుండానే జనరేటరు మోగింది, ఫ్యాన్లు తిరిగినాయి. ఆయన మొహం మాత్రం చిన్నబోయింది. తను లేకపోతే ఆసుపత్రి అల్లకల్లోలం అయిపోతాదని గదా ఇన్నాళ్ళూ అనుకునింది!

అప్పుడొచ్చింది ఆటో. మరమగ్గాల షెడ్డులో రాత్రి నేల మీద పడుకున్న మునిశేఖర్‌ని ఏదో కరిచింది. తెల్లారినాక కడుపునొప్పి అన్నాడంట, ఇప్పుడు కండ్ల రెప్పలు పైకి లేవడం లేదు, నోట్లో చొంగ కారతా ఉండాది. నిస్సార్ ఒక్క చూపుకే కట్లపాము అని పట్టేసినాడు. వాడి తల్లి దేవకమ్మ ఏడస్తా వచ్చి బెంచీలో ఈయన పక్కనే కూలబడింది. ఒక్కడే కొడుకు నాయనా, అని ఈయన చెయ్యి పట్టుకునింది.

గాజు తలుపులో నుంచి లోపలంతా కనపడతా ఉండాది. కోమలి విరుగుడు మందు ఎక్కించడం మొదలుపెట్టింది. అయినా ఊపిరి తగ్గిపోతా ఉండాది. ఇప్పుడు గొంతులోకి గొట్టం వెయ్యాల. ఆ పని కోమలి ఎప్పుడూ మనిషికి చేసింది లేదు, ఈయన చేయనిస్తే గదా! కొత్తల్లో రబ్బరు బొమ్మ పెట్టి అందరికీ నేర్పించింది ఈయనే, తీరా మనిషి వచ్చేసరికి అడ్డం నిలబడిందీ ఈయనే.

కోమలి గొట్టం వేసింది. పోలేదు.

నిస్సార్ లేచినాడు. పోయి తలుపు పట్టుకున్నాడు, సగం తోసినాడు. జ్ఞానాంబ అడ్డం రాలేదు. లోపల కోమలి గొట్టం తీసేసి, ఊపిరి అందించే రబ్బరు సంచి మూతికి అదిమిపెట్టి గాలి కొట్టింది. రేవతి నోట్లో చొంగంతా మిషనుతో లాగేసి, తల కింద దిండు సర్దింది. ఎవురూ కేకలు పెట్టలేదు. ఒకరి పక్క ఒకరు చూసుకుంటే చాలు, ఎవురి పని వాళ్ళకు తెలిసిపోతా ఉండాది. "ఇంకోసారి చేస్తాను," అనింది కోమలి, నిదానంగా. ఆ గొంతు ఆయన ఎప్పుడూ విననిది. తోసిన తలుపు అట్లే పట్టుకోని నిలబడిపోయినాడు నిస్సార్. కాళ్ళు ముందుకు పొమ్మంటా ఉండాయి, మనసు వద్దంటా ఉండాది. ఆ ఒక్క నిమిషం ఆయన పడిన నరకం పగవాడికి కూడా వద్దప్పా!

గొట్టం పోయింది. మునిశేఖర్ రొమ్ము పైకి లేచింది, దిగింది, మళ్ళా లేచింది. మాస్కు జారిపోయింది కూడా తెలియకుండా నిస్సార్ నోరు తెరుచుకోని చూస్తా ఉండాడు. ఎన్ని వందల ఆపరేషన్లు చేసినాడో, దేన్ని చూసీ ఇట్లా ఒళ్ళు జలదరించలేదు. ఇంత గొప్ప పని తన ఆసుపత్రిలో, తను చెయ్యి పెట్టకుండా జరిగింది. కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి.

జ్ఞానాంబ వచ్చి పక్కన నిలబడి, ఎవురి కోసం లేచినావని అడిగింది.

"లేచింది నా కోసమే మేడమ్. ఆ పిల్ల చేత కాదనుకున్నాను," అన్నాడు. ఇంక ఉద్యోగం పోయినట్టేనని అనుకున్నాడు.

"లేచినాక లోపలికి పోకుండా నిలబడింది ఎవురి కోసమో నేను చూసినాన్లే. నిన్నే ఉంచమని రాస్తాను," అనింది ఆమె.

అంతలో కోమలి బయటికొచ్చింది. కొన్ని దినాలు ఊపిరి మిషను మీద ఉండాల్సొస్తాది గానీ పిల్లోడు దక్కుతాడని దేవకమ్మకు చెప్పింది. ఆయమ్మ ఈ పిల్ల రెండు చేతులూ పట్టుకోని కండ్లకద్దుకునింది. అప్పుడు చూసింది కోమలి, మాస్కు జారిపోయిన మనిషిని.

"సార్, మీరెప్పుడొచ్చినారు?"

"ఇప్పుడేమ్మా."

దేవకమ్మకు ఏమీ అర్థం కాలేదు. ఈయనెవురని అడిగింది. మా పెద్ద డాక్టరని కోమలి చెప్తే, లుంగీ పక్క, మొహం పక్క ఎగాదిగా చూసింది.

"పెద్ద డాక్టరా? నేనొచ్చినప్పట్నుంచీ నా పక్కనే ఉండాడే! ఇంతసేపూ ఆ తలుపు పట్టుకోని, నువ్వు చేసేదే సూస్తా ఏడస్తా ఉన్నాడు. లోపలికి మాత్రం అడుగు పెట్టలేదు తల్లీ."

కోమలి ఆయన మొహంలోకి చూసింది. లోపల్నుంచి రేవతి పిలిస్తే, మోచేత్తో కండ్లు తుడుచుకోని మళ్ళా పేషెంటు కాడికి పోయింది.